రైలు వదిలిన వంతెన ఎవరిది?

*1997లో రైళ్లు ఆగిపోయాక రాజమండ్రి హేవలాక్ వంతెన రైల్వేకు తుక్కుగా, ఊరికి జ్ఞాపకంగా, ప్రభుత్వానికి ఫైలుగా మిగిలింది. ఇప్పుడు దానికి రూ. 94.44 కోట్ల పథకం వచ్చింది. అది పర్యాటకుల వంతెన అవుతుందా, గోదావరి జనం నడిచే వంతెన అవుతుందా అన్నదే తేలాలి.*

సాయంత్రం పూట రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే గోదావరి మీద రెండు వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. కాంక్రీటు విల్లులు వరసగా పేర్చినట్టుండే వంతెన మీద హౌరా-చెన్నై మార్గం రైళ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. గోదారమ్మకు చిల్లర విసిరే చేతులు, దణ్ణం పెట్టే చేతులు కిటికీల్లోంచి బయటికొస్తాయి. ఆ పక్కనే రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లతో ఇంకో వంతెన. 56 స్పాన్లు. దాని మీద మాత్రం రైలు లేదు. 1997 నుంచీ లేదు.

దాదాపు 97 ఏళ్లపాటు తూర్పు తీరాన్ని కలిపి ఉంచిన హేవలాక్ వంతెన ఆ తర్వాత పాతికేళ్లకు పైగా నదిలో ఊరికే నిలబడింది. పనికిరాక కాదు, ఎవరి పనికి వాడాలో తేలక. 2025 జూన్ 26న కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్రసింగ్ షెకావత్, రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజమండ్రిలో 'అఖండ గోదావరి' పథకానికి శంకుస్థాపన చేయడంతో ఆ నిరీక్షణ ముగిసిందని గోదావరి జిల్లాల వారు ఊపిరి పీల్చుకున్నారు. హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్ ఈ పథకానికి కేంద్ర బిందువులు. ఖర్చు అంచనా రూ. 94.44 కోట్లు.

డబ్బు దొరికింది, రాయి పడింది. అంతమాత్రాన వంతెన ఊరిదైపోదు. ప్రభుత్వ శాఖకు అక్కర తీరిన ఆస్తి జనం చేతికి రావాలంటే అది ఎవరి పేరు మీద ఉంది, ఎవరి ఖర్చుతో బతుకుతుంది, ఎవరిని లోపలికి రానిస్తుంది అన్న మూడు ప్రశ్నలు దాటాలి. గోదావరిని దాటడం కన్నా ఈ మూడూ దాటడమే కష్టమని ఇన్నేళ్ల నిరీక్షణ రుజువు చేసింది.

పడవ నుంచి మెయిలు దాకా

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తూర్పు తీరం వెంబడి రైలు మార్గం పడింది. బెజవాడ నుంచి కటక్ వైపు సాగిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893, 1896 మధ్య విడతలు విడతలుగా మొదలైంది. అయితే మధ్యలో గోదావరి అడ్డు. ఈ ఒడ్డున రైలు దిగి, నది దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కాల్సిందే. అంతకు దాదాపు అర్ధ శతాబ్దం ముందే ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టి (1847-52) నీటిని దారికి తెచ్చినా, నది మీద నడిచే దారి మాత్రం లేదు.

ఆ లోటు తీర్చే పని 1897 నవంబరులో మొదలైంది. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్‌కే ఈ బాధ్యత అప్పగించారు. ఒక్కొక్కటి 150 అడుగుల స్పాన్లు 56. రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవు. మూడేళ్లు కూడా నిండకుండానే, 1900 ఆగస్టు 30న వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. మద్రాసు-హౌరా మెయిలు ఏకబిగిన గోదావరి దాటింది.

ఒంటి లైను వంతెన అది. ఎదురు రైలుంటే ఒడ్డున ఆగాలి. రద్దీ పెరిగేకొద్దీ అదే పెద్ద ఇబ్బంది అయింది. 1974లో రోడ్డు-కమ్-రైలు వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు విల్లుల వంతెన వచ్చింది. దానితో హేవలాక్‌కు ఉద్యోగ విరమణ. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదను తట్టుకున్న వంతెన, వయసు మీరి కొలువు నుంచి తప్పుకుంది.

ఒకరికి తుక్కు, ఒకరికి తోవ

రైళ్లు ఆగాక ఒక్కొక్కరు వంతెనను ఒక్కో కంటితో చూశారు. రైల్వేకు అది ఖాతా మూయాల్సిన ఆస్తి. వేల టన్నుల ఇనుము వేలం వేస్తే ఎంతో కొంత వస్తుంది. నదిలో వదిలేస్తే కాపలా ఖర్చు, ప్రమాదం జరిగితే జవాబుదారీతనం. ఇది రైల్వే దుర్బుద్ధి కాదు, దాని పద్ధతి. తుక్కు అమ్మకం రైల్వేలో ఏటా లక్ష్యాలు పెట్టి చేసే పని. 2020-21లో ఒక్క తుక్కు మీదే రైల్వేకు రూ. 4,573 కోట్లు వచ్చాయి. ఖాళీ స్థలాల సంగతీ అంతే. 2005లో రైల్వే చట్టాన్ని సవరించి రైలు భూమి అభివృద్ధి ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది వాటిని వాణిజ్యపరంగా అభివృద్ధి చేయడానికే. అక్కర తీరిన ఆస్తి కనిపిస్తే ఆ శాఖకు మొదట తట్టేది ధర. అలా తట్టేట్టుగానే నిబంధనలు ఉన్నాయి.

ఊరికి మాత్రం అది తోవ. అవతలి ఒడ్డున కొవ్వూరు. రోజూ చదువుకు, కొలువుకు, కూరగాయల అమ్మకానికి, ఆస్పత్రికి గోదావరి దాటేవారున్న పట్టణం. ఇవతల ఏడు లక్షలు, ఎనిమిది లక్షల రూపాయల ఫ్లాట్ల కాలం నుంచి కోటి రూపాయల ఫ్లాట్ల కాలానికి వచ్చిన రాజమండ్రి. ఊరు పెరిగింది గానీ తీరిగ్గా నడవడానికి చోటు పెరగలేదు. నది మీద వాహనాల పొగ, హారన్లు లేని రెండున్నర కిలోమీటర్ల నడకదారి సిద్ధంగా ఉంటే దాన్ని ముక్కలుగా కోసి అమ్మడమేమిటన్నది స్థానికుల వాదన. రాష్ట్ర ప్రభుత్వాలు కూడా వంతెనను పర్యాటకానికి వాడుకుంటామని అంటూనే వచ్చాయి. మధ్యలో 2003 పుష్కరాలు వచ్చాయి, పోయాయి. 2015 పుష్కరాల ముందు పాదచారుల వంతెన ఆలోచన గట్టిగా వినిపించింది. పుష్కరాలు ముగిశాయి, వంతెన అలాగే ఉండిపోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలన్నట్టు, ఇక్కడ కరుణించాల్సిన పూజారులు చాలామంది. వంతెన కట్టడం కేంద్రం చేతిలోని రైల్వేది. దాని మీద పర్యాటకం చూసేది రాష్ట్రంలో ఒక శాఖ, కింద నదిని చూసేది ఇంకో శాఖ. ఒక కొస నగరపాలక సంస్థ పరిధి, రెండో కొస కొవ్వూరు పురపాలక సంఘం పరిధి. చాలాకాలం ఆ రెండు కొసలూ రెండు జిల్లాల్లో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి కొవ్వూరు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలో కలిసింది. అప్పటి నుంచి వంతెన రెండు కొసలకూ కలెక్టరు ఒక్కరే. కనీసం ఆ ఒక్క సాకు తొలగింది.

కురుసుర అదృష్టం, విక్రాంత్ దురదృష్టం

అక్కర తీరిన ప్రభుత్వ ఆస్తి ఊరికి ఉపయోగపడిన ఉదాహరణలు తెలుగు నేల మీద లేకపోలేదు. గోదావరికి రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖ ఆర్‌కే బీచ్‌లో అలాంటివి రెండు కనిపిస్తాయి. 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కురుసుర 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. మామూలుగా అయితే దాని గతి కూడా తుక్కే. కానీ దాన్ని ఒడ్డుకు లాగి ఇసుకలో నిలబెట్టారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2002 ఆగస్టులో అది మ్యూజియంగా తలుపులు తెరిచింది. లోపల సందర్శకులకు అన్నీ విడమరిచి చెప్పే పనిని విశ్రాంత నౌకాదళ ఉద్యోగులకు అప్పగించారు. దాని ఎదురుగానే 2017 మార్చిలో రిటైరైన టీయూ-142 గస్తీ విమానం కొలువు తీరింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు.

ఈ రెండూ త్వరగా తెమలడానికి కారణం అర్థం చేసుకోలేనిదేమీ కాదు. ఇచ్చేది నౌకాదళం, పుచ్చుకునేది విశాఖ నగరాభివృద్ధి సంస్థ. ఆ తర్వాత రంగు వేయించడం నుంచి టిక్కెట్టు చింపడం వరకూ ఎవరి పనో ముందే తెలుసు.

అలా తెలియని చోట ఏమవుతుందో చెప్పడానికి విమానవాహక నౌక విక్రాంత్ చాలు. హేవలాక్ రిటైరైన 1997లోనే విక్రాంత్ కూడా రిటైరైంది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పేరు తెచ్చుకున్న నౌక అది. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా నడిచింది. శాశ్వతంగా నిలపడానికి డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర కథ అడ్డం తిరిగింది. 2012లో సందర్శకులను ఆపేశారు. 2014లో దాదాపు రూ. 60 కోట్లకు అమ్మేసి ముక్కలు చేశారు. 2017లో తప్పుకున్న ఐఎన్‌ఎస్ విరాట్‌ను తెచ్చుకోవాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ముచ్చటపడింది. ఖర్చు పంపకం కుదరలేదు. 2020లో ఆ నౌక గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. పాత నౌకలను ముక్కలు చేసే చోటది.

నౌకలే కాదు, జైళ్లు కూడా రూపం మార్చుకున్నాయి. హైదరాబాద్‌లో ముషీరాబాద్ జైలు ఖాళీ అయిన స్థలంలోకి 2003లో గాంధీ ఆస్పత్రి మారింది. 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు తెలంగాణ మొత్తానికి దిక్కయింది అదే. ఆ స్థలాన్ని అప్పట్లో దుకాణ సముదాయానికి వేలం వేసి ఉంటే ఖజానాకు ఒకసారి డబ్బు వచ్చేది. ఆస్పత్రి వల్ల వచ్చిన మేలును ఏ వేలం పాటలో లెక్కగట్టగలరు? 1796 నాటి సంగారెడ్డి జైలు మరో దారి పట్టింది. 2016లో మ్యూజియంగా మారి, రూ. 500 కడితే ఒక రోజు ఖైదీగా బతికి చూసే అవకాశం ఇచ్చింది. ఒకటి జనం రోజువారీ అవసరం, ఇంకొకటి వచ్చిపోయేవారి సరదా. రెండూ పునర్వినియోగమే. రెండూ ఒకటి మాత్రం కాదు. హేవలాక్ ఏ వైపు మొగ్గుతుందన్నదే రాజమండ్రి ముందున్న సందేహం.

హడ్సన్ నది మీద ఒక తమ్ముడు

హేవలాక్‌కు అమెరికాలో దాదాపు అచ్చు గుద్దినట్టు పోలిన వంతెన ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో పోకిప్సీ పట్టణం దగ్గర హడ్సన్ నది మీద 1889లో కట్టిన ఇనుప రైలు వంతెన అది. 1974లో నిప్పంటుకుని రైళ్లు ఆగాయి. బాగుచేసే ఉద్దేశం లేని రైల్వే సంస్థ చివరికి దాన్ని ఒక్క డాలరుకు వదిలించుకుంది. స్థానికులు 1992లో ఒక సంఘం పెట్టుకున్నారు. 1998 నాటికి వంతెన యాజమాన్యమే ఆ సంఘం చేతికొచ్చింది. విరాళాలు, ప్రభుత్వ నిధులు కలిపి పట్టాల చోట కాంక్రీటు దారి వేశారు. 2009 అక్టోబరులో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు నడక. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యానం. నడవడానికి టిక్కెట్టు లేదు. నిప్పు నుంచి నడక దాకా అక్కడా 35 ఏళ్లు పట్టిందన్నది రాజమండ్రికి కాస్త ఊరట.

అదే ఏడాది న్యూయార్క్ నగరంలో 1980 నుంచి మూలపడిన సరుకు రైళ్ల ఎత్తు మార్గం 'హై లైన్' పేరుతో నడకతోటగా తెరుచుకుంది. కూల్చేయాలన్న ఒత్తిడిని ఎదిరించి 1999లో సంఘం పెట్టి నిలబడింది ఆ చుట్టుపక్కల వారే. తర్వాత అక్కడి స్థలాల ధరలు ఆకాశానికంటి, ఆ పాత ఇరుగుపొరుగులో చాలామందికి అద్దెలు భారమయ్యాయన్న విమర్శ కూడా వచ్చింది. జనం కోసం మొదలైన పని జనానికే అందకుండా పోయే ప్రమాదం ఎంత దగ్గర్లో ఉంటుందో చెప్పే పాఠం అది.

కొన్ని దేశాలు ఈ వ్యవహారాన్ని సంఘాల పట్టుదలకే వదిలేయకుండా చట్టాలు చేశాయి. అమెరికాలో 1987 నాటి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి అక్కరలేని భవనాలు ఇల్లులేని వారికి సేవ చేసే సంస్థలకు ఉపయోగపడతాయేమో ముందు చూడాలి. ఇటలీ 1996లో మాఫియాల నుంచి జప్తు చేసిన ఇళ్లను, పొలాలను సామాజిక అవసరాలకు ఇచ్చే చట్టం తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2011 చట్టం ఊరికి విలువైన ఆస్తి అమ్మకానికి వస్తే, స్థానిక సంఘం డబ్బు కూడగట్టి బేరానికి దిగేందుకు గడువు ఇస్తుంది. స్కాట్లండ్ 2015లో ఇంకో అడుగు ముందుకేసింది. ప్రభుత్వ సంస్థల చేతిలోని భూమి, భవనాలు తమకిమ్మని స్థానిక సంఘాలు అడగవచ్చు. కాదనాలంటే కారణం చెప్పాల్సింది ప్రభుత్వమే. బళ్లలో పిల్లలు తగ్గిపోయిన జపాన్‌లో మూతపడ్డ పాఠశాలల జాబితా ప్రకటించి, వాడుకునేవారిని వెతికే పనిని 2010 నుంచి విద్యాశాఖే నెత్తిన వేసుకుంది. అలా మురోటో అనే తీరపట్టణంలో ఒక బడి 2018లో చేపల ప్రదర్శనశాలగా మారింది.

మన దగ్గర అలా 'ముందు ఊరిని అడుగు' అని చెప్పే చట్టం లేదు. శాఖ నుంచి శాఖకు బదిలీ, లేకపోతే వేలం. ఈ రెంటి మధ్య ఊరికి కుర్చీ లేదు. హేవలాక్ ఇన్నాళ్లూ మిగిలి ఉందంటే అది చట్టం చలవ కాదు. ఊరి మమకారం, ఫైళ్ల నత్తనడక కలిసి కాపాడాయి.

ఇనుము ఎదురు చూడదు

నత్తనడకకు మూల్యం కూడా ఉంది. వంతెన మీద రైళ్లు తిరిగినన్నాళ్లూ గ్యాంగ్‌మన్‌లు రోజూ నడిచి చూస్తారు. బోల్టులు బిగిస్తారు, రంగులు వేస్తారు. రైళ్లు ఆగిన రోజునే ఆ శ్రద్ధా ఆగిపోతుంది. నీటి ఆవిరి, ఎండ, వాన మాత్రం ఆగవు.

నడిచే జనం బరువు సమస్య కాదా అన్న అనుమానం సహజం. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. తీర్థాలు, జాతరలు జరిగే చోట్ల నడకదారి కడితే చదరపు మీటరుకు 500 కిలోల జనభారం తట్టుకునేలా చూడాలన్నది మన రహదారి వంతెనల ప్రమాణం. హేవలాక్ ఒక్కో స్పాన్ పొడవు 45.7 మీటర్లు. మూడు మీటర్ల వెడల్పు దారి వేసి, కాలు పెట్టే సందు లేకుండా జనం నిండినా ఒక స్పాన్ మీద పడేది 70 టన్నుల లోపే. ఒక పాతకాలపు డీజిల్ ఇంజనే 110 టన్నులు దాటుతుంది. ఇంజన్లను, వాటి వెనక బోగీల వరసను మోసిన వంతెనకు మనుషులు బరువు కారు. గర్డర్లు తుప్పు పట్టకుండా ఉంటేనే ఈ మాట.

భారమయ్యేది అలంకారాలు. ఒక అడుగు లోతు తడిమట్టి పోసి మొక్కలు పెంచితే చదరపు మీటరుకు అర టన్ను. అంటే ఎప్పటికీ కదలని జనసమ్మర్దంతో సమానం. దాని మీద దుకాణాలు, గాజు పలకలు, దీపతోరణాలు చేరిస్తే లెక్క మారిపోతుంది. పైగా మట్టిలో నిలిచిన తేమ ఇనుముకు శత్రువు. వంతెన మీద ఏమేమి పెట్టవచ్చన్న ఆలోచన కన్నా ఏమేమి పెట్టకూడదన్న ఆలోచన ముందు జరగాలి.

ఈ జాగ్రత్త అతి కాదు. గుజరాత్‌లోని మోర్బీలో పంతొమ్మిదో శతాబ్దపు తీగల వంతెనను నిర్వహణకు ప్రైవేటు సంస్థకు అప్పగించారు. మరమ్మతుల తర్వాత 2022 అక్టోబరు 26న టిక్కెట్లతో తెరిచారు. నాలుగు రోజులకే, అక్టోబరు 30న అది తెగిపడి 135 మంది చనిపోయారు. 2025 జూన్‌లో పుణె దగ్గర ఇంద్రాయణి నది మీద పాత ఇనుప వంతెన సెలవు రోజు జనంతో కూలి నలుగురు మరణించారు. రాజమండ్రికి సొంత గాయం కూడా ఉంది. 2015 జులై 14న పుష్కరాల తొలి రోజు పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఘాట్‌నూ ఈ వంతెననూ కలిపే పథకంలో జనాన్ని ఎటు నుంచి రానిచ్చి ఎటు పంపాలన్నదే అసలు డిజైను కావాలి. మిగతాదంతా పైపూతే.

తాళం ఎవరి దగ్గర?

పథకానికి డబ్బు వచ్చిన దారి కూడా గమనించదగ్గదే. రాష్ట్రాల మూలధన పెట్టుబడులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం కింద 2024 నవంబరులో 23 రాష్ట్రాల్లో 40 పర్యాటక పథకాలకు ఆమోదం దొరికింది. మొత్తం రూ. 3,295 కోట్లు. ఆంధ్రప్రదేశ్ నుంచి అఖండ గోదావరి, గండికోట అందులో ఉన్నాయి. ఇది గ్రాంటు కాదు, 50 ఏళ్ల గడువున్న వడ్డీలేని అప్పు. అదీ కట్టడానికే. కట్టాక ఏటా వేసే రంగు, మార్చే బోల్టు, నిలబెట్టే కాపలాదారు జీతం ఎక్కడినుంచి రావాలన్నది రాష్ట్రమే చూసుకోవాలి.

అక్కడే టిక్కెట్టు ప్రశ్న మొదలవుతుంది. పర్యాటక పథకమంటే ఆదాయం చూపాలి. ఆదాయమంటే గేటు. దూరం నుంచి ఏడాదికోసారి వచ్చే కుటుంబానికి ప్రవేశ రుసుము పెద్ద లెక్క కాదు. రోజూ తెల్లవారుజామున నడిచే విశ్రాంత ఉద్యోగికి, పుస్తకాల సంచితో కొవ్వూరు నుంచి వచ్చే విద్యార్థినికి, పాల క్యాను మోసుకొచ్చే వాడికి అది నెలకు ఒక బిల్లు. అందరికీ ఒకే గేటు పెడితే వంతెన మీద పర్యాటకులు మిగులుతారు, ఊరు ఒడ్డునే ఆగిపోతుంది. పొద్దున, సాయంత్రం కొన్ని గంటలు నడక ఉచితం, ప్రత్యేక ఆకర్షణలకే రుసుము అన్న మధ్యే మార్గం అసాధ్యమేమీ కాదు. పార్కుల్లో ఉదయపు నడకకు వేరే ఏర్పాట్లు చేయడం నగరాలకు తెలిసిన పనే.

వంతెనల నీడలో ఇంకో ఊరు కూడా ఉంది. గోదావరి మధ్యలోని బ్రిడ్జి లంక. పేరే వంతెనల నుంచి వచ్చింది. అక్కడి మత్స్యకార కుటుంబాలకు ఒడ్డు చేరాలంటే పడవే దారి. వరద హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పిల్లాపాపలతో, సామాన్లతో గట్టుకు తరలిరావాల్సిందే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల జనం పడ్డ పాట్లు జిల్లా మరిచిపోలేదు. పర్యాటక పటంలో లంక ఒక అందమైన చుక్క. అక్కడ బతికేవాళ్లకు ఆ వంతెన వరదల్లో ఒక మెట్లదారి, పడవకు దక్కే నాలుగు బేరాలు, గట్టు మీద ఒక దుకాణం కాగలదా అన్నది వారిని అడిగితేనే తెలుస్తుంది. రెండు మునిసిపాలిటీలు, లంకవాసులు, పడవల వాళ్లు, నడక సంఘాలు, రైల్వే నుంచి రిటైరైన ఇంజనీర్లు కూర్చునే ఒక నిర్వహణ సంఘం ఏర్పాటు చేయడానికి రూ. 94 కోట్లు అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. కురుసురలో నౌకాదళం వాళ్లు కథ చెప్పినట్టే, ఈ వంతెన మీద ఒకప్పటి గ్యాంగ్‌మన్ కథ చెబితే వినేవాళ్లు కరువవరు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ప్రభుత్వాలు గడువుగా చూసేది ఆ పన్నెండు రోజులనే. లక్షల మంది వస్తారు, కెమెరాలు వస్తాయి, వంతెనకు దీపాలు వెలుగుతాయి. హేవలాక్ నిజంగా ఊరి చేతికి వచ్చిందో లేదో తేలేది మాత్రం పదమూడో రోజున. యాత్రికులు రైలెక్కి, పక్క వంతెన మీద నుంచి నదిలోకి చిల్లర విసురుతూ వెళ్లిపోయాక, కొవ్వూరు వైపు కొసన గేటు తీసి ఉందా, తాళం వేసి ఉందా అన్నది చూస్తే చాలు.